దెబ్బల్లోంచి వరుసలు

అనంతగిరి ఘాట్ రోడ్డు కొండను కోసిన చోట్ల, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కోసం సొరంగాలు తొలిచిన చోట్ల తూర్పు కనుమల లోపలి రాయి బయటపడి కనిపిస్తుంది. ఎర్రటి గార్నెట్ మచ్చలతో, కాస్త తుప్పు రంగు పూసుకుని ఉండే రాయి ఖొండలైటు. ఈ కొండల్లో బతికే ఖోండు జనం పేరునే 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి పెట్టాడు. దాని పక్కనే నల్లగా, జిడ్డు మెరుపుతో కనిపించేది చార్నకైటు. ఈ రాళ్ళను నలగ్గొట్టి, బరువును బట్టి వేరు చేస్తూ పోతే చివరికి జిర్కాన్ అనే ఖనిజపు గింజలు మిగులుతాయి. ఒక్కో గింజ మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప.

తూర్పు కనుమల వయసు తెలిసింది ఇలాంటి గింజల వల్లనే. జిర్కాన్ స్ఫటికం పుట్టేటప్పుడు కొద్దిగా యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. ఆ యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతూ ఉంటుంది. యురేనియం 238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. గింజలో ఇప్పుడు ఏది ఎంత ఉందో లెక్కపెడితే వయసు తేలుతుంది. అంత చిన్న గింజలోంచి పరమాణువులను పైకి తీయడానికి వాడే పనిముట్టు అయాన్ పుంజం. ఆక్సిజన్ పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి, వేల వోల్టులతో తోసి, గింజ మీద ఇరవై ముప్ఫై మైక్రాన్ల వెడల్పు మచ్చ మీదికి గురిపెడతారు. తగిలిన ప్రతి అయానూ అక్కడి పరమాణువులను కొన్నింటిని పెళ్ళగించి బయటికి విసురుతుంది. అలా ఎగిరినవాటిలో విద్యుదావేశం ఉన్నవాటిని పట్టి, బరువు ప్రకారం వేరు చేసి లెక్కిస్తారు. కనుమల రాళ్ళు భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి లోనై ఇప్పటి రూపానికి వచ్చింది సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట అని చెప్పిన సాక్ష్యాల్లో ఇలా తవ్విన గుంతలు ముఖ్యమైనవి.

అయాన్లతో ఇలా పొర పొరగా తవ్వుతూ పదార్థాన్ని చదివేవాళ్ళకు ఒక చికాకు ఎదురైంది. ముఖ్యంగా సిలికాన్, గాలియం ఆర్సెనైడ్ లాంటి అర్ధవాహకాల మీద పనిచేసేవాళ్ళకు. గుంత అడుగు చదునుగా ఉంటేనే ఏ లోతులో ఏ పదార్థం ఉందో కచ్చితంగా చెప్పగలరు. కానీ కొంత లోతుకు వెళ్ళాక అడుగు చదునుగా ఉండటం మానేసేది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే అక్కడ సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, దాదాపు సమాన దూరంలో కనిపించేవి. ఎవరూ గీయలేదు. పుంజంలోని అయాన్లకు ఒక వరుసంటూ లేదు. ఎక్కడపడితే అక్కడ, ఎప్పుడుపడితే అప్పుడు వచ్చి పడతాయి. అంత అడ్డదిడ్డమైన దెబ్బల్లోంచి అంత క్రమం ఎలా వచ్చింది? ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. ఆ ప్రశ్నకు అందమైన జవాబు లోహాల దగ్గర దొరికిందని నా నమ్మకం. అందుకే ఎక్కువ సేపు లోహాల దగ్గరే ఆగుతాను.

అయాన్ దెబ్బకు లోహం అరిగిపోతుందన్న సంగతి పాతదే. 1852లో విలియం గ్రోవ్ గాలి తీసేసిన గొట్టంలో విద్యుత్తు ప్రసరింపజేస్తూ, రుణ ధ్రువం దగ్గర లోహం అరిగి పక్కనున్నవాటి మీద పొరగా పేరుకోవడం గమనించాడు. దీన్నే ఇవాళ స్పటరింగ్ అంటున్నాం. చిప్స్ ప్యాకెట్ లోపలి మెరుపు నుంచి కంప్యూటర్ చిప్‌లోని తీగల దాకా లోహాన్ని పలచగా పూయడం నేడు పెద్ద పరిశ్రమ. ఆ పూతల్లో చాలా వాటికి స్పటరింగే ఆధారం. అరుగుదలలో అలల్లాంటి గీతలు పుడతాయని మాత్రం వందేళ్ళు దాటాక గాని ఎవరూ చూడలేదు. 1962లో ఫ్రాన్సులో నవే, సెల్లా, షాపెరో అనే ముగ్గురు గాజు మీద వాలుగా అయాన్లు పంపి, ఆ గీతలను చూసి ప్రకటించారు. పుంజం ఓ మాదిరి వాలులో వస్తే గీతలు దానికి అడ్డంగా ఏర్పడ్డాయి. ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేంత వాలులో వస్తే పుంజం వెంటే సాగాయి.

ఒక్క అయాన్ తగిలితే ఏం జరుగుతుందో ముందు చూద్దాం. వెయ్యి వోల్టుల తోపుతో వచ్చిన ఆర్గాన్ అయాన్ వెండిని తాకిందనుకోండి. అది ఉపరితలం దగ్గరే ఆగదు. కొన్ని నానోమీటర్ల లోతుకు దూరి, దారిలో వెండి పరమాణువులను గుద్దుతుంది. అవి పక్కవాటిని గుద్దుతాయి. సెకనులో లక్ష కోట్లో వంతు లాంటి కాలంలో ఈ గుద్దులాట ముగిసిపోతుంది. దాని శక్తి పైదాకా చేరిన చోట రెండు నుంచి నాలుగు పరమాణువులు కట్లు తెంచుకుని ఎగిరిపోతాయి. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే: అయాన్ తాకిన చోటు ఒకటి, పరమాణువు ఎగిరే చోటు మరొకటి కావచ్చు. శక్తి లోపల పంచబడుతుంది.

పీటర్ సిగ్మండ్ 1969లో ఈ గుద్దులాటకు గణితం కట్టాడు. కొద్ది ఏళ్ళకే అందులోంచి ఒక వింత ఫలితం బయటపెట్టాడు. ఉపరితలం మీద చిన్న ఎత్తూ చిన్న పల్లమూ ఉన్నాయనుకుందాం. పల్లం అడుగున ఉన్న పరమాణువుకు చుట్టుపక్కల వాలుల్లో తాకిన అయాన్ల శక్తి కూడా వచ్చి చేరుతుంది, ఎందుకంటే ఆ తాకిళ్ళ కేంద్రాలు దానికి దగ్గరగా ఉంటాయి. ఎత్తు కొనన ఉన్న పరమాణువుకు ఆ సాయం తక్కువ. అందుచేత పల్లం త్వరగా తరుగుతుంది, ఎత్తు నెమ్మదిగా తరుగుతుంది. అంటే ఉన్న చిన్న తేడా పెరుగుతూ పోతుంది. ఏ ఉపరితలమూ పరిపూర్ణమైన చదును కాదు కాబట్టి, ఈ లెక్క ప్రకారం అయాన్ వాన పడిన ప్రతి ఉపరితలమూ గరుకెక్కవలసిందే.

గరుకెక్కడం సరే, సమాన దూరంలో వరుసలెందుకు? ఈ లెక్కను 1988లో మార్క్ బ్రాడ్లీ, జేమ్స్ హార్పర్ పూర్తిచేశారు. అరుగుదల తేడాలను పెంచుతుంటే, ఉపరితలం మీద తిరిగే పరమాణువులు ఎత్తుల నుంచి పల్లాలకు జరుగుతూ ఆ తేడాలను పూడుస్తుంటాయి. మరీ దగ్గర దగ్గరగా ఉన్న ఎత్తుపల్లాలను ఈ పూడిక ఇట్టే చెరిపేస్తుంది. మరీ దూరంగా ఉన్నవాటిని పెంచడానికి అరుగుదలకు చాలా సమయం పడుతుంది. నడుమ ఒక దూరం ఉంది. ఆ దూరంలో ఉన్న అలలు మిగతా అన్నిటికన్నా వేగంగా పెరిగి పైచేయి సాధిస్తాయి. కంటికి కనిపించే వరుస అదే. అయాన్ల ప్రవాహం పెంచితే గీతలు దగ్గరవుతాయి, వేడి పెంచి పరమాణువుల నడక పెంచితే ఎడమవుతాయి. సాధారణంగా పది నుంచి కొన్ని వందల నానోమీటర్ల ఎడం. మనిషి వెంట్రుక మందం సుమారు ఎనభై వేల నానోమీటర్లు.

ఇంతవరకు కథలో కర్త పుంజమే. ఎటు నుంచి వచ్చిందో అదే గీతల దిశను నిర్ణయించింది. సిలికాన్, గాజు లాంటివాటికి ఇది చాలా మట్టుకు సరిపోయింది. సాధారణ ఉష్ణోగ్రతలో అయాన్ దెబ్బలు తిన్న సిలికాన్ పైపొర తన స్ఫటిక క్రమాన్ని పోగొట్టుకుని గాజులా మారిపోతుంది. అటూ ఇటూ అన్న తేడా దానికి ఉండదు. దిశ చెప్పేది పుంజం ఒక్కటే.

లోహం అలా కాదు. గది ఉష్ణోగ్రతలో కూడా వెండి, రాగి దెబ్బ తిన్న మరుక్షణం తమ స్ఫటికాన్ని సరిదిద్దుకుంటాయి. లోహ పరమాణువుల మధ్య బంధాలకు ఫలానా దిశే కావాలన్న పట్టు లేదు. చోటు మారడం తేలిక. ఉపరితలం మీద ఒంటరిగా మిగిలిన వెండి పరమాణువు గది వేడికే ఊరుకోకుండా తిరుగుతుంటుంది. అంటే అయాన్ గోతిని తవ్వి వెళ్ళిపోతుంది, ఆ గోతిని ఏం చేయాలో నిర్ణయించేది లోహం.

ఇటలీలోని జెనోవా విశ్వవిద్యాలయంలో ఉగో వాల్బూసా బృందం 1990ల చివర్లో చేసిన ప్రయోగాలు దీన్ని కళ్ళకు కట్టాయి. రుస్పోని, కోస్తాంతీని, బొరాఞ్ఞో మొదలైనవాళ్ళు ఆ బృందంలో ఉన్నారు. వాళ్ళు ఒకే స్ఫటికంగా పెంచిన వెండిని, పరమాణువులు పొడవాటి వరుసలుగా నిలిచి, వరుసకూ వరుసకూ మధ్య లోతు దారి ఉండేలా కోసి తీసుకున్నారు. అయాన్లను వాలుగా పంపలేదు, నిట్టనిలువుగా పైనుంచి పంపారు. పుంజానికి అటూ ఇటూ అన్న దిశే లేదు. అయినా గీతలు వచ్చాయి! పరమాణువుల వరుసల వెంటే వచ్చాయి. ఆ లోతు దారుల వెంట నడక తేలిక, వరుస దాటడం కష్టం. ఆ తేడాయే గీతలుగా పైకి తేలింది. ఇంతకన్నా ఆశ్చర్యం తరువాత జరిగింది. వెండిని ఇంకొంచెం వెచ్చబెట్టి అదే ప్రయోగం చేస్తే గీతలు తొంభై డిగ్రీలు తిరిగి, వరుసలకు అడ్డంగా ఏర్పడ్డాయి. పుంజం మారలేదు, గురి మారలేదు. మారింది లోహంలోని పరమాణువుల నడక మాత్రమే. ఇంకా వేడి చేస్తే నడక మరీ జోరెక్కి గీతలే చెరిగిపోతాయి.

రాగి మీదా ఇదే. పరమాణువులు చదరంగా అమరిన ముఖం మీద చదరపు గోతులు, తేనెపట్టులా ఆరు వైపుల అమరిక ఉన్న ప్లాటినం ముఖం మీద ఆరు భుజాల గోతులు. ఈ ప్లాటినం గోతులను జర్మనీలోని యూలిష్‌లో మిఖేలి, కోమ్సా తదితరులు స్కానింగ్ టనెలింగ్ సూక్ష్మదర్శినితో పరమాణువు స్థాయిలో చూశారు. వచ్చిన దెబ్బకు ఆకారం లేదు, మిగిలిన గుర్తుకు లోహపు స్ఫటికం ఆకారం ఇచ్చింది.

లోహం ఆ గోతులను పూడ్చేయకుండా ఎందుకు లోతు చేస్తుంది? నడక అంత తేలికైతే అంతా చదునైపోవాలి కదా? జవాబు కోసం అరకు లోయలో కొండవాలు మీది పల్లం మడులను తలచుకోండి. గెడ్డ నీరు పై మడిలోకి వస్తుంది. మడిలో అది అంతటా స్వేచ్ఛగా పరుచుకుంటుంది. అంచుకు చేరాక గట్టు అడ్డు. కింది మడి ఒక్క మూరే దిగువన ఉంది, నీళ్ళు పడితే అక్కడే నిలవాలి. కానీ గట్టు తెగితే తప్ప పై నీరు దిగదు. లోహపు ఉపరితలం కూడా పరమాణువు మందం మెట్లతో ఇలాగే మడులు మడులుగా ఉంటుంది. మడిలో తిరిగే పరమాణువు అంచుకు వచ్చి కిందికి దిగాలంటే, ఒక క్షణం తన కింద ఆధారం తక్కువైన చోట వేలాడాలి. చుట్టూ పట్టుకునే పొరుగు పరమాణువులు తగ్గిపోతాయి. అందుకు అదనపు శక్తి కావాలి. చాలా సార్లు అది వెనుదిరిగి పోతుంది. కంటికి కనిపించని ఈ గట్టును 1966లో ఒకవైపు ఎర్లిక్, హడ్డా ప్రయోగంతో, మరోవైపు ష్వీబెల్, షిప్సీ సిద్ధాంతంతో గుర్తించారు. ఎర్లిక్–ష్వీబెల్ అవరోధం అన్న పేరు అలా వచ్చింది.

ఇప్పుడు అయాన్ దెబ్బను ఈ మడుల మీద వేయండి. దెబ్బకు కొన్ని పరమాణువులు ఎగిరిపోయి ఖాళీలు మిగులుతాయి. కొన్ని ఎగిరిపోకుండా చోటు తప్పి, పైమడి మీద ఒంటరిగా పడతాయి. ఖాళీలు కలిసి ఒక పొర లోతు గొయ్యి అవుతుంది. పైన తిరిగే పరమాణువులు దిగి వచ్చి ఆ గోతిని పూడ్చాలి. గట్టు ఆపుతుంది. అవి పైనే ఒకదానికొకటి తగిలి గుంపుకట్టి ఎత్తు పెంచుతాయి. గోతి అడుగున మళ్ళీ ఖాళీలు, మళ్ళీ ఇంకో పొర లోతు గొయ్యి. ఇలా దిగుతూ దిగుతూ తిరగేసిన మెట్ల పిరమిడ్ తయారవుతుంది. ఒక చదరపు సెంటీమీటరు వెండి పైపొరలో సుమారు పది కోటి కోట్ల పరమాణువులు ఉంటాయి. మంచి వరుసలు రావడానికి అదే మేరలో వెయ్యి కోటి కోట్ల అయాన్లు, ఒక్కోసారి అంతకు పది రెట్లు కురిపించాలి. అంటే వందల పొరలు ఎగిరిపోతాయి. ఎగిరినవన్నీ అడ్డదిడ్డంగా ఎగిరినా, మిగిలినదాన్ని వరుసలో నిలిపేది ఈ గట్లూ ఈ నడకలే.

మళ్ళీ ఒక్కసారి కనుమల జిర్కాన్ దగ్గరికి వెళ్ళాలి. అయాన్ దెబ్బలు దానికి మన ప్రయోగశాలలోనే మొదలు కాలేదు. దానిలోని యురేనియం పరమాణువు ఆల్ఫా కణాన్ని విసిరినప్పుడల్లా, మిగిలిన బరువైన కేంద్రకం తుపాకీ తన్నినట్టు వెనక్కి తంతుంది. ఆ తన్నుకు డెబ్భై వేల వోల్టులకు పైబడ్డ అయాన్‌తో సమానమైన జోరు ఉంటుంది. యురేనియం సీసం అయ్యేలోపు అలాంటి తన్నులు ఎనిమిది. ప్రతి తన్నుకూ వందల పరమాణువులు చోటు తప్పుతాయి. యురేనియం ఎక్కువగా ఉన్న జిర్కాన్ కోట్ల ఏళ్ళు ఇలా దెబ్బలు తింటే వరుసలు రావు, స్ఫటికమే చెడి గాజులా అవుతుంది. దెబ్బలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. రాయి లోపల ఇరుక్కున్న పరమాణువుకు తిరగడానికి చోటు లేదు, చల్లని రాయిలో సరిదిద్దుకునే చలనమూ లేదు. వెండి పైమడి మీద రెండూ ఉన్నాయి. కోట్ల ఏళ్ళలో అక్కడ రానిది ఇక్కడ పది నిమిషాల్లో వస్తోందంటే తేడా ఆ చలనానిదే. వరుసను పుంజం మోసుకురాదు. పుంజం లోహాన్ని కదిలిస్తుంది, వరుస లోహం కడుతుంది.

అయితే పుంజాన్ని మరీ చిన్నచూపు చూడకూడదు. ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ పోయేలా, నిలువుకు ఎనభై డిగ్రీల వాలులో పంపితే, రాగి మీదైనా ప్లాటినం మీదైనా పుంజం వెంటే సన్నటి కాలువలు పడతాయి. అక్కడ అయాన్ మడి మధ్యలో జారిపోయి, మెట్టు అంచునే గుద్దుతుంది. స్ఫటికం ఏ దిశ కోరినా లెక్కలోకి రాదు. చల్లగా, వాలుగా ఉంటే పుంజానిది పైచేయి. వెచ్చగా, నిలువుగా ఉంటే లోహానిది. ఈ రెండు కొసల మధ్య పట్టు తిప్పుకుంటూ గీతల ఎడాన్నీ దిశనూ ఎంచుకోగలగడమే ఈ విద్య.

1999లో స్టెఫాన్ ఫాష్కో, సహచరులు గాలియం యాంటిమోనైడ్ మీద ఆర్గాన్ అయాన్లతో తేనెపట్టు వరుసలో చుక్కలు రప్పించి సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడు ప్రపంచం దృష్టి అర్ధవాహకాల వైపు తిరిగింది. చుక్కలు, గీతలు సిలికాన్ మీద కూడా వచ్చాయని వరుసగా ప్రకటనలు వెలువడ్డాయి. వాటిలో కొన్నింటికి అసలు కారణం శుద్ధమైన సిలికాన్ కాదని తరువాత తెలిసింది. నమూనాను పట్టుకునే క్లిప్పుల నుంచో, గది గోడల నుంచో, అయాన్ మూలం నుంచో ఇనుము లాంటి లోహపు పరమాణువులు కొద్దిగా ఎగిరొచ్చి పడటమే చుక్కలను పుట్టించింది. శుద్ధంగా ఉంచి నిట్టనిలువుగా కొడితే సిలికాన్ చదునుగానే ఉండిపోయింది. పాత ఫలితాలను తామే తవ్వి సరిదిద్దుకున్న ఆ పరిశోధకుల మీద నాకు గౌరవం పెరిగింది. శూన్యపు గదిలో క్లిప్పు దేనితో చేశారో కూడా రాయాలని ఈ రంగం అప్పటి నుంచి నేర్చుకుంది.

లోహాల పాఠం అర్ధవాహకాలకు తిరిగి ఉపయోగపడిన తీరు ఇంకా బాగుంటుంది. 2013లో ఫాష్కో ఉన్న డ్రెస్డెన్–రోసెన్‌డార్ఫ్ బృందం జర్మేనియాన్ని వేడిగా ఉంచి అయాన్లు పంపింది. ఆ వేడిలో జర్మేనియం గాజులా మారదు, దెబ్బ తిన్న వెంటనే స్ఫటికాన్ని సరిచేసుకుంటుంది. అంటే లోహంలా ప్రవర్తిస్తుంది. నిలువుగా వచ్చిన పుంజం కింద దాని మీద చదరంగపు గళ్ళలా తిరగేసిన పిరమిడ్లు వరుస కట్టాయి. మడులు, గట్లు, ఖాళీలు అన్నీ వెండిలో లాగే.

ఇంత వరుస దేనికి అంటే, నాకు దగ్గరగా తోచే జవాబు విశాఖపట్నం మీదుగా వస్తుంది. సి.వి. రామన్ బాల్యం విశాఖలో గడిచింది. ఆయన తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. 1928లో కలకత్తాలో రామన్ కనిపెట్టిన ప్రభావం ప్రకారం, ఒక పదార్థం మీద పడిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారి చెదురుతుంది. ఆ మారిన రంగులు ఆ పదార్థపు వేలిముద్రలు. ఆ పరిశోధనలో రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, కాంతి చెదరడం మీద 1940లో గ్రంథం రాశారు. ఆ విశ్వవిద్యాలయంలో వర్ణపట శాస్త్రం బలంగా నిలదొక్కుకుంది. చిక్కు ఏమిటంటే, రంగు మారే కాంతి కోట్లలో ఒక వంతు. పదార్థం జాడగా మాత్రమే ఉంటే ఆ వేలిముద్ర కనిపించదు.

1974లో ఇంగ్లండులో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ ఒక గరుకు వెండి పలక మీద అంటిన పిరిడిన్ అనే రసాయనం నుంచి అనుకోనంత బలమైన రామన్ కాంతిని చూశారు. 1977లో రెండు బృందాలు లెక్కించి, ఆ బలం లక్ష నుంచి పది లక్షల రెట్లని తేల్చాయి. వెండి గరుకులో నానోమీటర్ల ఎడమున్న సందుల్లో ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగి, అక్కడి కాంతి క్షేత్రాన్ని పెంచేస్తాయి. కానీ ఎలాపడితే అలా గరుకు చేసిన వెండిలో ఒకచోట సందు చక్కగా కుదురుతుంది, పక్కనే కుదరదు. ఒకే పలక మీద రెండుచోట్ల కొలిస్తే రెండు జవాబులు వస్తాయి. తీర్పు చెప్పవలసిన పరీక్షకు ఆ నిలకడలేమి పనికిరాదు. వరుస కావలసింది ఇందుకే. అయాన్ పుంజంతో గీతలు తీసిన పలక మీద వెండిని వాలుగా పూస్తే, వెండి కణాలు గీతల వెంట బారులు తీరతాయి. వాటి మధ్య సందులు దాదాపు ఒకేలా ఉంటాయి. డ్రెస్డెన్ పరిశోధకులు చూపిన ఈ దారిలో మన దేశంలో గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ చెప్పుకోదగ్గ పని చేసింది. అయాన్ గీతల మీద భువనేశ్వర్‌లోని భౌతికశాస్త్ర సంస్థలో ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అధిక శక్తి పదార్థాల కేంద్రం ఇదే గమ్యానికి మరో దారి పట్టింది. అయాన్లకు బదులు అతి స్వల్పకాలపు లేజర్ మెరుపులతో లోహాల మీద నానో నిర్మాణాలు తీర్చి, వాటితో పేలుడు పదార్థాల జాడలను రామన్ పద్ధతిలో పట్టింది. లేజర్ గీతల ఎడం చాలా వరకు ఆ కాంతి తరంగదైర్ఘ్యానికి ముడిపడి ఉంటుంది. అయాన్‌కు ఆ కట్టుబాటు లేదు కాబట్టి ఇరవై నానోమీటర్లకు కూడా దిగగలదు. అది వెండిలో సుమారు డెబ్భై పరమాణువులు పక్కపక్కన నిలిచినంత మేర.

ఇలాంటి పలకల మీద పురుగుమందుల అవశేషాలను పట్టవచ్చని చాలా ప్రయోగశాలలు చూపించాయి. నాకు అప్పుడల్లా అరకు కాఫీ గుర్తుకొస్తుంది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల నడుమ గిరిజన రైతులు పెంచే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయనాలు వాడలేదన్న మాట మీదే దానికి మంచి ధర. ఆ మాటకు రుజువు దూరపు ప్రయోగశాలల్లోని ఖరీదైన పరికరాల నుంచి రావాలి. చేతిలో పట్టే రామన్ పరికరం ఇప్పటికే ఉంది. నమ్మదగిన వెండి పలక చౌకగా దొరికితే రుజువు కాఫీ ఆరబెట్టిన కళ్ళం దగ్గరే దొరుకుతుంది. అయాన్ పద్ధతి చౌకకు అనువైనది కూడా. గీతలను ఒక్కొక్కటిగా గీయనక్కర లేదు. హెరాల్డ్ కాఫ్‌మన్ నాసాలో అంతరిక్ష నౌకలను తోయడానికి 1960 ప్రాంతంలో రూపొందించిన అయాన్ ఇంజను నుంచి పుట్టిన వెడల్పాటి పుంజాలు, అరచేయంత పలక మొత్తాన్నీ ఒకేసారి నిమిషాల్లో తీర్చేస్తాయి.

మిగతా ఉపయోగాల గురించి క్లుప్తంగా. గీతలు తీసిన రాగి మీద పలుచగా కోబాల్ట్ పూస్తే అయస్కాంతత్వం గీతల దిశకు కట్టుబడుతుందని 2003లో జెనోవా బృందం, సహచరులు చూపారు. గాజు మీది బంగారపు పొరను ఇదే పద్ధతిలో సన్నటి సమాంతర తీగలుగా విడదీసి, కాంతి ధ్రువణాన్ని బట్టి వేరు వేరు రంగులు చూపే పలకలు చేశారు.

ఈ పనుల్లో తేలని కష్టం రేణువులది. జెనోవాలో వాడింది ఒకే స్ఫటికమైన వెండి. బజారు వెండి పలక కోట్ల చిన్న స్ఫటిక రేణువుల ముద్ద. ఒక్కో రేణువులో వరుసలు ఒక్కో దిక్కు చూస్తాయి. నిలువు పుంజం కింద ప్రతి రేణువూ తన దిశలో తాను గీతలు గీసుకుంటుంది. పైగా ఒకటి త్వరగా అరుగుతుంది, పక్కది నెమ్మదిగా అరుగుతుంది. రేణువుల సరిహద్దుల్లో మెట్లు లేచి వరుసను తెంపేస్తాయి. కనుమల బాక్సైటు నుంచి వచ్చే అల్యూమినియంతో ఇంకో చిక్కు. గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ చర్మం కట్టుకుంటుంది. లోపలి లోహం కన్నా ఆ చర్మం అయాన్లకు చాలా నెమ్మదిగా అరుగుతుంది. గదిలో ఆక్సిజన్ జాడ మిగిలినా చాలు, తవ్వుతుండగానే చర్మం అక్కడక్కడా మళ్ళీ కడుతుంది. దాని మీద చక్కటి గీతలు రావాలంటే శూన్యం చాలా శుద్ధంగా ఉండాలి.

ఒకే స్ఫటికం ఖరీదు, ముద్ద లోహం అస్తవ్యస్తం. నడుమ దారి ఒకటుంది. అభ్రకాన్ని రేకులుగా చీలిస్తే పరమాణువు స్థాయిలో చదునైన ముఖం దొరుకుతుంది. గూడూరు గనుల్లో తరతరాలుగా తవ్వింది ఈ ఖనిజాన్నే. శూన్యంలో వేడిగా ఉంచిన అభ్రకపు రేకు మీద బంగారాన్నో వెండినో నెమ్మదిగా ఆవిరి చేసి పూస్తే, రేణువులన్నీ తేనెపట్టు అమరిక ఉన్న ముఖాన్నే పైకి పెట్టుకుని పెరుగుతాయి. గీతలు కావాలనుకునేవాళ్ళు అలాంటి పొరను రాసుకుంటూ పోయే వాలుతో పుంజాన్ని పంపుతారు. అప్పుడు దిశ పుంజానిది కాబట్టి రేణువుల మధ్య మిగిలిన చిన్న తేడాలు అంతగా అడ్డురావు. ఎంత వాలు, ఎంత వేడి, ఎంత సేపు అన్నవి ప్రతి లోహానికీ విడిగా వెతుక్కోవలసిందే. వెండికి సరిపోయిన వేడి బంగారానికి సరిపోదు.